ఆ జాబితాలో ఆ అక్క పేరు రాయకమ్మా

ప్రశ్న: వందనాలు ఆంటీ. మాది విజయవాడ, సింగ్‌నగర్. నాకు 27 ఏళ్ళు. సూర్యారావుపేటలో ఒక డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేస్తున్నాను. పేరుకు క్రైస్తవ కుటుంబమే గానీ నేను ప్రభువును నిజంగా తెలుసుకుంది మా నాన్న పోయి, అప్పులు మీద పడి, బతకాలనిపించని రోజుల్లో. అప్పు ఇంకా తీరలేదు, కానీ మనిషిగా నిలబడ్డాను. మా ల్యాబ్‌లో రిసెప్షన్ చూసే అక్క నాకు ప్రాణ స్నేహితురాలు. దుర్గమ్మ భక్తురాలు. కొండ మీద నుంచి ప్రసాదం తెస్తుంది, నేను తీసుకోను. ఒక్కసారి కూడా ఏమీ అనుకోలేదు. ఫిబ్రవరిలో గుణదల కొండ కూడా ఎక్కుతుంది. ఈ మధ్య వాళ్ళాయనకు కిడ్నీలు పాడై డయాలిసిస్ మొదలైంది. మా సంఘంలో సువార్త సభలు దగ్గరపడ్డాయి. ఒక్కొక్కరం ఐదుగురి పేర్లు రాసివ్వాలి, వాళ్ళను సభలకు తీసుకురావాలి. మా యూత్ లీడర్ అన్న, "కష్టంలో ఉన్నప్పుడే మనసు మెత్తగా ఉంటుంది, ఇదే సమయం. చెప్పకపోతే ఆ రక్తం నీ చేతుల మీద ఉంటుంది" అన్నాడు. ల్యాబ్‌కొచ్చే పేషెంట్లకు కూడా చెప్పమంటున్నారు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మా అన్నయ్యేమో "ఎవరి మతం వాళ్ళది, నీకెందుకు? ఎవడైనా వీడియో తీస్తే ఉద్యోగం ఊడుతుంది" అంటాడు. అసలు మనం ఎందుకు చెప్పాలి ఆంటీ? మంచిగా బతికితే చాలదా? చెప్పాలంటే ఎలా చెప్పాలి? మీ కూతురనుకుని చెప్పండి.

జవాబు: అమ్మా, ముందు ఆ కాగితం సంగతి తేల్చుకుందాం. ఇంకా ఇవ్వకపోతే అందులో ఆ అక్క పేరు రాయకు. ఇచ్చేసి ఉంటే వెళ్ళి కొట్టేయించు. మిగతా నలుగురి విషయం తర్వాత చూసుకోవచ్చు.

పేరు అందులోకి ఎక్కితే ఏమవుతుందో నీకు తెలుసు, అందుకే నిద్ర పట్టడం లేదు. మధ్యాహ్నం ఇద్దరూ క్యారేజీలు విప్పుకుని కూర్చుంటారు. "నిన్న రాత్రంతా ఆయనకు ఆయాసం, కూర్చునే తెల్లవారింది" అంటుంది ఆమె. నీ చెవి ఆ మాట వింటుంది గానీ నీ మనసు "ఇప్పుడు చెప్పనా, ఇంకాసేపు ఆగనా" అని లెక్కలేస్తుంటుంది. ఇలాంటివి ఎదుటి మనిషికి తెలియవనుకోకు. మన కోసం వచ్చినవాళ్ళెవరో, వాళ్ళ పని మీద వచ్చినవాళ్ళెవరో మనకు ఇట్టే తెలిసిపోతుంది. కష్టంలో ఉన్నవాళ్ళకు ఇంకా తొందరగా తెలుస్తుంది.

అలాగని చెప్పొద్దనడం లేదు. అది మీ అన్నయ్య మాట, నా మాట కాదు. ఎందుకు చెప్పాలో ముందు చూద్దాం, ఆ ఎందుకు అన్నది తేలితే ఎలా అన్నది సగం తేలిపోతుంది.

ఎందుకు అని అడిగితే మనవాళ్ళు వెంటనే మత్తయి 28వ అధ్యాయం తీస్తారు: వెళ్ళి సమస్త జనులను శిష్యులనుగా చేయండి అని ప్రభువు ఆజ్ఞ. నిజమే, ఆజ్ఞే. కానీ మార్కు 5వ అధ్యాయంలో సమాధుల మధ్య తిరిగిన మనిషిని చూడు. బాగుపడ్డాక, నీతోనే వస్తానని యేసును బతిమాలాడు. ఆయన రానివ్వలేదు. నీ ఇంటివాళ్ళ దగ్గరికి వెళ్ళి, ప్రభువు నీకు ఏం చేశాడో, నీ మీద ఎలా కనికరపడ్డాడో చెప్పమన్నాడు. ఆ మనిషికి సిద్ధాంతం తెలియదు, వాక్యాలు కంఠతా రావు, ఎవరినీ తెచ్చి చూపించమని ఆయన అడగలేదు. తనకు జరిగింది తన వాళ్ళకు చెప్పడం, అంతే. మేలు పొందినవాడు ఊరుకోలేడు. మొదటి కారణం అదే, ఆజ్ఞ ఆ తర్వాతే వస్తుంది.

రెండో కారణం మీ అన్నయ్యకు నచ్చకపోవచ్చు. "ఎవరి మతం వాళ్ళది" అన్నప్పుడు మతం ఇంటిపేరులా పుట్టుకతో వచ్చేదని మనసులో అనుకుంటున్నాం. క్రైస్తవ విశ్వాసం అలా రాదు. క్రైస్తవ ఇంట్లో పుట్టినా నీకు రాలేదు కదా! మీ నాన్న పోయాక, నీ అంతట నువ్వు నమ్మాకే వచ్చింది. వినుట వలన విశ్వాసము కలుగును అని పౌలు రోమా పత్రికలో రాసింది ఇందుకే. విన్నవాళ్ళు నమ్మొచ్చు, నమ్మకపోవచ్చు, కానీ వినడానికి ఎవరో ఒకరు చెప్పాలి. పైగా క్రీస్తు చనిపోయి లేచాడన్నది నిజమని మనం నమ్మితే, అది ఒక కులానికో ఒక పేటకో సంబంధించిన వార్త కాదు. నిజం కాదనుకుంటే ఎవరికీ చెప్పక్కర్లేదు, మనమూ ఆదివారం ఇంట్లో పడుకోవచ్చు.

మూడోది మన ఇళ్ళ చరిత్ర. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో మన తాతముత్తాతలు ఎక్కువమంది మాల, మాదిగ పల్లెలవాళ్ళు. గుడిలోకి రానీయలేదు, బడిలోకి రానీయలేదు, ఊరి బావి తాకనీయలేదు. వాళ్ళకు ఈ కబురు అందింది ఎలా? 1842లో గుంటూరు వచ్చిన అమెరికా మిషనరీ ఫాదర్ హేయర్ పేరు, 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ పేరు అందరం చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ పల్లె నుంచి పల్లెకు మోసింది మనవాళ్ళే. ఒంగోలు వైపు యర్రగుంట్ల పేరయ్య అని తోళ్ళ వ్యాపారం చేసే మాదిగాయన 1866లో బాప్తిస్మం పొందాడు. వ్యాపారం మీద తిరిగే ఊళ్ళలోనే, చుట్టాల ఇళ్ళలోనే చెప్పుకుంటూ పోయాడు. తెలుగు బాప్టిస్టు సంఘం అక్కడ అలా పెరిగింది. మా తాతమ్మకు చెప్పింది కూడా దొరగారు కాదు, పక్క పల్లె నుంచి కోడలిగా వచ్చిన పిల్ల. ఇద్దరూ కలిసి నాట్లకు వెళ్ళేవాళ్ళట. ఆ పిల్ల "ఎవరి దేవుడు వాళ్ళకి" అనుకుని ఊరుకుని ఉంటే ఈ జవాబు రాయడానికి నేను ఇక్కడ ఉండేదాన్ని కాదు.

అందుకే మంచిగా బతికితే చాలదా అంటే, చాలదనే అంటాను. నువ్వు నిలబడ్డావని ఆ అక్క చూస్తూనే ఉంది. ఎలా నిలబడ్డావో నువ్వు చెప్పకపోతే, "గట్టి పిల్ల" అనుకుంటుంది. ఆ పేరు నీకొస్తుంది, రావలసినవాడికి రాదు. పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయం ఒకసారి మొత్తం చదువు. మొదట్లో, భర్తలు వాక్యం ఒప్పుకోకపోతే భార్యల నడవడి చూసి, మాట లేకుండానే రాబట్టబడవచ్చని ఉంది. 15వ వచనానికి వచ్చేసరికి, మీలో ఉన్న నిరీక్షణ గురించి అడిగే ప్రతివాడికీ సాత్వికముతోను భయముతోను సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమని ఉంది. ఒకే అధ్యాయంలో మౌనమూ ఉంది, మాటా ఉంది. ఎప్పుడు ఏదో తెలుసుకోవడమే మన పని. ఆ రెండో చోట "అడిగే" అన్న మాట ఉందని కూడా గమనించు.

ఇప్పుడు "ఆ రక్తం నీ చేతుల మీద" అన్న మాటకొద్దాం. అది యెహెజ్కేలు 3వ అధ్యాయం, 18వ వచనం. మళ్ళీ 33లో వస్తుంది. దేవుడు ఆ మాట అన్నది ఒక ప్రవక్తతో. ఇశ్రాయేలుకు, అంటే అతని సొంత జనానికి అతన్ని కావలివాడిగా పెట్టి, వాళ్ళ చెడుతనం గురించి హెచ్చరించమన్నాడు. మొగుడు డయాలిసిస్ మీద ఉన్న మనిషిని సభలకు తీసుకురాకపోతే నీకు శిక్ష అని అందులో లేదు. ఇంకో సంగతి కూడా ఉంది. 18వ వచనం చదివేవాళ్ళు 15వ వచనం చదవరు. యెహెజ్కేలు చెరలో ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి, వాళ్ళు కూర్చున్నచోటే కూర్చుని, ఏడు రోజులు నోట మాట లేకుండా ఉండిపోయాడు. ఆ తర్వాతే దేవుని మాట వచ్చింది. మీ యూత్ లీడర్ మంచి కుర్రాడే అయి ఉంటాడు, ఆత్మల భారం ఉన్నవాడే అయి ఉంటాడు. ఆ వచనాన్ని మాత్రం అలా వాడకూడదు. భయపెట్టి చెప్పించిన సువార్తలో భయమే వినిపిస్తుంది.

పౌలు కూడా సువార్త ప్రకటింపకపోతే నాకు శ్రమ, అంటే నాకు కీడు, అన్నాడుగా అంటావేమో. అన్నాడు. దోర్నకల్ బిషప్ అజరయ్య గారు బాప్తిస్మం పొందేవాళ్ళ చేత తలమీద చెయ్యి పెట్టించి ఆ మాటే చెప్పించేవారు. కానీ ఎవరి తలమీద చెయ్యి వాళ్ళే పెట్టుకునేవాళ్ళు. నాకు శ్రమ అంటే నాకే శ్రమ. ఇంకొకళ్ళు వచ్చి నీ తలమీద చెయ్యి పెట్టి నీకు శ్రమ అనడం వేరు.

ఇక "కష్టంలో ఉన్నప్పుడే మనసు మెత్తగా ఉంటుంది" అన్న మాట. నన్ను బాగా కలవరపెట్టింది ఇదే. నేను గుంటూరులో చాలా ఏళ్ళు నర్సుగా చేశాను. వార్డులోకి ప్రార్థన బృందాలు వచ్చేవి. ఒకరోజు సాయంత్రం విజిటింగ్ టైములో నలుగురైదుగురు వచ్చారు. వాళ్ళ సంఘ సభ్యురాలి మంచం దగ్గర ప్రార్థన అయింది, బాగానే ఉంది. ఆ తర్వాత పక్క మంచానికి వెళ్ళారు, ఆ పక్క మంచానికి వెళ్ళారు. ఒక పెద్దావిడకు ఆపరేషనై యూరిన్ ట్యూబు, సెలైను ఉన్నాయి, పక్కకు తిరగడానికి కూడా లేదు. ఆమె తలమీద చెయ్యి పెట్టేశారు. కూతురు మెల్లగా "వద్దండీ" అంది. "ఏం కాదమ్మా, ప్రార్థనేగా" అని మొదలుపెట్టేశారు. ఆ పెద్దావిడ కళ్ళు మూసుకోలేదు, కప్పు వైపు చూస్తూ ఉండిపోయింది. వాళ్ళు వెళ్ళాక బీపీ చూస్తుంటే నన్ను అడిగిన మాట: "రేపు కూడా వస్తారామ్మా వీళ్ళు?" ఆ బృందం ఆ రోజు ఎన్ని మంచాల దగ్గర ప్రార్థించిందో వాళ్ళ సంఘంలో చెప్పుకునే ఉంటారు.

అదే వార్డులో ఒక ఆయా ఉండేది. నేల తుడుస్తూ ఉంటే ఒక పేషెంటు "నువ్వెప్పుడూ మొహం చిట్లించవేంటే, నీకేం కష్టాల్లేవా" అని అడిగింది. తుడిచే కర్ర ఆపకుండానే చెప్పింది: మొగుడు తాగేవాడు, ఒకసారి పిల్లల్ని తీసుకుని కాలవ దాకా పోయాను, యేసయ్య వెనక్కి తిప్పాడు, ఇప్పటికీ వాడు తాగుతాడు, నేను మాత్రం కాలవ వైపు పోను. అంతే, బకెట్ పట్టుకుని పక్క బెడ్ కిందికి వెళ్ళిపోయింది. విన్నావిడ మారిందా అని అడగకు, నాకు తెలియదు. కుట్లు విప్పగానే డిశ్చార్జి అయిపోయింది. కానీ ఆ రోజు ఆవిడ అడిగింది కాబట్టి విన్నది. వద్దనుకుంటే అటు తిరిగి పడుకునేది, ఆయా ఏమీ అనుకునేదీ కాదు.

నేను చెప్పదలుచుకుందంతా ఇక్కడే ఉందమ్మా. ఎవరికి చెబుతున్నామో వాళ్ళు కాదనగలగాలి. కాదన్నా వాళ్ళకు ఏమీ పోకూడదు: నీ స్నేహం పోకూడదు, నీ సాయం ఆగకూడదు, నీ మొహం మారకూడదు. ఆ అక్క నీకు ఇచ్చిందీ అదే కదా! ప్రసాదం తెచ్చినప్పుడల్లా నువ్వు వద్దంటూనే ఉన్నావు. అమ్మవారి ప్రసాదం వద్దనడం ఆమెకు చిన్న విషయం కాదు. అయినా మర్నాడు అదే చోట కూర్చుని నీతోనే అన్నం తిన్నది. మారు మాట్లాడకుండా నీకు కాదనే హక్కు ఇచ్చిన మనిషికి, నువ్వూ అంతే చోటు ఇవ్వాలి. అంతకు మించి గొప్ప త్యాగం ఏమీ అక్కర్లేదు.

దీన్నిబట్టే పేషెంట్ల సంగతి తేలిపోతుంది. నీ చేతిలో సూది ఉంటుంది, వాళ్ళ చెయ్యి నీ చేతిలో ఉంటుంది, రిపోర్టు నీ దగ్గర ఉంటుంది. ఆ సమయంలో నువ్వు ఏం చెప్పినా వాళ్ళు తల ఊపుతారు. ఆ తల ఊపుడుకు అర్థం లేదు. డ్యూటీలో ఉన్నప్పుడు పేషెంట్లకు చెప్పకు. నరం ఒకేసారి దొరికేలా, నొప్పి లేకుండా రక్తం తియ్యి. అది చాలు.

మనవాళ్ళు ఈ విషయంలో ఒకప్పుడు ఎంత జాగ్రత్తగా ఉన్నారో చెప్తాను. సభల్లో 2,222 అన్న అంకె నువ్వు వినే ఉంటావు. 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. దానికి ముందు ఏం జరిగిందో మాత్రం ఎక్కువమంది చెప్పరు. 1876-78 కరువులో జనం ఆకలికి చచ్చిపోతుంటే అక్కడి అమెరికా మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో కొన్ని మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. పనిలో ఉన్నవాళ్ళు బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారని అనిపించుకోకూడదని, తిండి కోసం రాకూడదని, కరువు పనులు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. ఇవ్వడానికి చేతిలో కూలి ఏమీ లేని రోజు వచ్చాకే మళ్ళీ మొదలుపెట్టాడు. అయినా గిట్టనివాళ్ళు "గంజి క్రైస్తవులు" అననే అన్నారు, అది వేరే సంగతి. నాకు ఆ అంకె కంటే ఆ ఆపడమే పెద్దగా కనిపిస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మీ సింగ్‌నగర్ మునిగినప్పుడు పులిహోర పొట్లం పట్టుకుని నడుంలోతు నీళ్ళలో వచ్చినవాడిని నీ మతం ఏంటని ఎవరూ అడగలేదు కదా, అతనూ అడగలేదు కదా. ఆ పొట్లంలో కరపత్రం పెడితే అన్నం రుచే మారిపోతుంది.

మరి ఆ అక్కతో ఎలా?

ముందు ఆమె పనిలో తోడుండు. డయాలిసిస్ రోజున ఆమె షిఫ్ట్ నువ్వు చెయ్యగలిగితే చెయ్యి. ఈ రోగం గురించి నీకు నాలుగు ముక్కలు తెలుసు కాబట్టి చెప్పు: ఒక్క సిట్టింగ్ మానేసినా ఒంట్లో నీరు చేరి ఆయాసం వస్తుంది, పొటాషియం పెరిగితే గుండెకే ప్రమాదం. కొబ్బరి నీళ్ళు మంచివని ఎవరో తాగిస్తారు, ఇలాంటి రోగికి పొటాషియం వల్ల అదే చేటు. ఇవన్నీ నువ్వు సువార్త కోసం చెయ్యడం లేదు, ఆమె నీ అక్క కాబట్టి చేస్తున్నావు. ఎదురు ఏదీ ఆశించకు.

"మా సభలకు తీసుకురా, కిడ్నీలు బాగైపోతాయి" అన్న మాట నీ నోట రాకూడదు, నీ పక్కన ఎవరైనా అంటే అక్కడే ఆపు. దేవుడు స్వస్థపరచగలడని నేను నమ్ముతాను, వార్డులో నా చేతులు పట్టుకుని ప్రార్థించమన్న రోగుల కోసం ప్రార్థించాను కూడా. కానీ దేవుని తరఫున మాట ఇవ్వడానికి మనమెవరం? బాగవకపోతే ఆ ఇంట్లో "నీకు నమ్మకం చాల్లేదు" అన్న నింద కూడా మిగులుతుంది, మొగుడి రోగానికి తోడు అదొకటి. స్వస్థత వచ్చిందని డయాలిసిస్ ఆపేసి, ఊపిరితిత్తుల్లో నీరు పట్టి క్యాజువాలిటీకి వచ్చిన రోగిని చూశాను. ఆ మాట చెప్పినవాళ్ళెవరూ ఆ రాత్రి అక్కడ లేరు.

ప్రార్థన విషయం దాచొద్దు. "అక్కా, బావగారి కోసం రోజూ ప్రార్థన చేసుకుంటున్నాను" అని చెప్పు. ఆమె సంతోషిస్తుంది. మన ఊళ్ళో ఎవరు ఏ దేవుణ్ణి వేడుకుంటున్నామన్నా కాదనేవాళ్ళు తక్కువ. "నాకోసం ఇప్పుడు చెయ్యవే" అని ఆమే అడిగితే, చెయ్యి. నెమ్మదిగా, చిన్నగా, మామూలు మాటల్లో. ఆ సందులో ప్రసంగం చెయ్యకు. దేవునితో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టి ఎదుటివాళ్ళకు పాఠం చెప్పే ప్రార్థనలు మనలో ఎక్కువైపోయాయి. ఇంకొకటి, ఆమె ఇంటి సంగతి "ప్రార్థన మనవి" పేరుతో సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టకు. వాళ్ళాయన కిడ్నీ రిపోర్టులో క్రియాటినిన్ ఎంతో తెలుసుకునే హక్కు మీ సంఘానికి లేదు. పైగా నువ్వు ల్యాబ్‌లో పనిచేసేదానివి.

ఏదో ఒకరోజు ఆమే అడుగుతుంది. "మీ నాన్న పోయినప్పుడు నువ్వెలా తట్టుకున్నావే?" అనొచ్చు. లేదా నువ్వే, "నాకెలా గడిచిందో చెప్పనా అక్కా?" అని అడగొచ్చు. చెప్పమంటే చెప్పు, "తర్వాత చూద్దాంలే" అంటే అక్కడితో వదిలెయ్యి. చెప్పేటప్పుడు నీకు జరిగిందే చెప్పు: బతకాలనిపించకపోవడం, ఎవరు నీ దగ్గరికి వచ్చారు, ఏ మాట నిన్ను పట్టుకుంది, ఏం మారింది. అప్పు ఇంకా తీరలేదన్నది కూడా చెప్పు. దాన్ని దాచేస్తే మిగతాదంతా అబద్ధంలా వినిపిస్తుంది. మనం ఆదివారం మాట్లాడుకునే మాటలు, అభిషేకం, ఆత్మీయ పోరాటం, బంధకాలు లాంటివి, ఆమెకు అర్థం కావు. రెండు మూడు నిమిషాలు చాలు. యేసు పేరు చెప్పడానికి మాత్రం మొహమాటపడకు, చెప్పదలుచుకుంది ఆయన గురించే కదా.

ఆమె "మా దుర్గమ్మ నన్ను ఎప్పుడూ వదల్లేదు" అంటే? విను. జవాబు వెతుక్కుంటూ కాదు, నిజంగానే విను. గుణదల మాత దగ్గర ఏం మొక్కుకుందో అడుగు. 1924లో ఫాదర్ అర్లాటి ఆ కొండ మీద మరియమ్మ విగ్రహం పెట్టినప్పటి నుంచి బెజవాడలో అన్ని మతాలవాళ్ళూ ఆ మెట్లెక్కుతూనే ఉన్నారు. మరియమ్మకు మొక్కొచ్చా అన్న మన ప్రొటెస్టెంట్ గొడవలు ఆమె నెత్తిన రుద్దకు. అమ్మవారిని గురించి ఒక్క చులకన మాట నీ నోటి నుంచి రాకూడదు. అపొస్తలుల కార్యములు 19లో ఎఫెసులో పెద్ద గొడవ జరుగుతుంది. ఆ ఊరు అర్తెమి దేవత ఊరు, పౌలు అక్కడ రెండేళ్ళకు పైగా బోధించాడు. చివరికి ఆ ఊరి అధికారే లేచి, వీళ్ళు గుడి దోచినవాళ్ళు కాదు, మన దేవతను దూషించలేదు అని జనానికి చెప్పాడు. రెండేళ్ళు బోధించాక కూడా పరాయివాడు ఆ మాట అనగలిగాడు. అమ్మవారి ఊళ్ళో ఉండే మన గురించి కూడా ఇంద్రకీలాద్రి కింద కొబ్బరికాయలమ్మే మనిషి ఆ మాట అనగలగాలి. దసరా క్యూ లైన్ల దగ్గర కరపత్రాలు పంచేవాళ్ళు ఈ అధ్యాయం చదివితే బాగుండును.

ఆసక్తిగా ఇంకా అడిగితే లూకా సువార్త చిన్న పుస్తకం ఇవ్వు, తీరిగ్గా చదువుకుంటుంది. సభకంటే మీ ఇంటికి భోజనానికి పిలవడం మేలు. తనంతట తాను చర్చికొస్తానంటే తీసుకెళ్ళు, ముందు వరసలో కూర్చోబెట్టి లేచి నిలబడమనకుండా చూడు. బాప్తిస్మం దాకా నువ్వు ఆలోచించకు. మన దగ్గర అది ఒక్క మనసుతో తెగే విషయం కాదు. అత్తగారున్నారు, రేపు పిల్లల పెళ్ళిళ్ళున్నాయి, ఎస్సీలైతే సర్టిఫికెట్ మారి బీసీ-సి కిందికి వెళ్ళే లెక్క ఉంది. ఇవన్నీ మోసేది ఆమె, తొందరపెట్టినవాళ్ళు కాదు. మార్కు 10లో ఆస్తిపరుడైన మనిషి విని, నొచ్చుకుని వెళ్ళిపోయాడు. యేసు అతన్ని ప్రేమించాడని రాసి ఉంది. వెనకాల పరుగెత్తాడని లేదు.

మీ అన్నయ్య భయానికీ ఒక మాట. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని నమ్మే, ఆచరించే, ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది, శాంతిభద్రతలకూ నైతికతకూ ప్రజారోగ్యానికీ లోబడి. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ప్రచారం అంటే తన విశ్వాసాన్ని వివరించుకోవడమే గానీ ఇంకొకరిని మార్చే హక్కు కాదంది. మనవాళ్ళలో చాలామందికి ఆ తీర్పు రుచించదు. నాకు మాత్రం రోజువారీగా ఇబ్బంది కనిపించదు: నేను నాటాను, అపొల్లో నీళ్ళు పోశాడు, పెంచింది దేవుడే అని పౌలే అన్నాడుగా, మార్చడం మన పని కాదని. ఇతరుల మతాన్ని కావాలని కించపరిస్తే భారతీయ న్యాయ సంహిత 299 సెక్షన్ ఉంది. మన రాష్ట్రంలో 2007 చట్టం ప్రకారం ప్రభుత్వం ప్రకటించిన ఆలయ ప్రాంతాల్లో వేరే మత ప్రచారం కుదరదు. ల్యాబ్‌లో యాజమాన్యం రూల్స్ ఉంటాయి, పాటించు. వీడియో భయం మరీ ఎక్కువైతే ఇలా చూసుకో: ఆమెతో నువ్వు చెప్పేది, పక్కన వాళ్ళాయన, అత్తగారు కూర్చుని వింటున్నా చెప్పగలిగేదేనా? అయితే ఎవరు తీసుకున్నా ఫర్వాలేదు.

యూత్ లీడర్‌తో పోట్లాట పెట్టుకోకు. "అన్నా, నేను పేర్లు రాయలేను. సభల్లో కుర్చీలు వేస్తాను, మంచినీళ్ళు ఇస్తాను, నా వాళ్ళతో నేను మాట్లాడుకుంటాను" అని చెప్పు. వినకపోతే పాస్టరు గారి దగ్గరికి వెళ్ళు, ఈ జవాబు చూపించినా నాకు అభ్యంతరం లేదు.

ఇంకొక్క పని ఉంది. డయాలిసిస్ పేషెంట్లకు ప్రభుత్వ పింఛను ఉంది, వైద్యసేవ పథకం కింద డయాలిసిస్ కూడా ఉచితంగా చేస్తారు. వాళ్ళు అప్లై చేశారో లేదో అడుగు. కంగారులో ఉన్న ఇంట్లో ఇలాంటివి ఎవరికీ గుర్తుండవు. చెయ్యకపోతే ఆధార్, రేషన్ కార్డు, డాక్టర్ ఇచ్చిన కాగితాలు జెరాక్స్ తీయించి, సోమవారం ఒక గంట పర్మిషన్ పెట్టి ఆమెతో వార్డు సచివాలయానికి వెళ్ళు.